కార్యాలయపు ఉమ్మడి ఉదరం

మాది గోనెసంచుల శాఖ. ప్రభుత్వం ధాన్యం కొన్న ఏడాది సంచులు పంచుతాం, కొనని ఏడాది ఉన్న సంచుల్ని లెక్కపెట్టుకుంటాం. పైన జిల్లా అధికారి చిదానంద పట్నాయక్ గారు. ఆయన కింద సహాయ అధికారి రామలింగస్వామి గారు, ఆ కింద సూపరింటెండెంట్ వజ్ఝల కామేశం గారు, ఆ కింద నాలాంటి సీనియర్ అసిస్టెంట్లు, మా కింద జూనియర్లు. అందరి కిందా అటెండర్ దాలయ్య. దాలయ్య కింద నేల తప్ప ఇంకేం లేదు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. పై నుంచి ఏ ఆదేశం వచ్చినా పట్నాయక్ గారు దాని మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి కిందికి తోస్తారు. రామలింగస్వామి గారు "చూడుడు" అని రాసి ఇంకా కిందికి తోస్తారు. అలా దిగి దిగి చివరికి ఎవరో ఒకరు ఆ పని చేసేస్తారు. మొక్కలు నాటమని ఉత్తర్వు వస్తే నాటింది దాలయ్య. అధికారులంతా యోగా చెయ్యాలన్నప్పుడు వరండాలో అందరి తరఫునా శవాసనం వేసింది కూడా దాలయ్యే. మా ఆఫీసుకి ప్రశంసాపత్రం వచ్చింది. ఇంత సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి ఓ రోజు పేగుల గురించి సర్క్యులర్ దిగింది.

"ఏ ఇద్దరి ఉదరములూ ఒక్కటి కావనియు, ఒక్కొక్క ఉదరమందు కోట్లాది సూక్ష్మజీవులు నివసించుచున్నవనియు, వాటి అభిరుచుల నెరుంగక ఎల్లరకూ ఒకే ఉప్మా పెట్టుట వలననే దస్త్రములు కదలుట లేదనియు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చియున్నది. కావున 'ఎవరి పొట్టకు వారి తిండి' పథకము క్రింద ప్రతి శాశ్వత ఉద్యోగి తన నమూనాను సమర్పించవలెను."

మనిషి మనిషికీ పొట్టలో ఉండే సూక్ష్మజీవులు వేరనీ, వాటికి సరిపడే తిండి తింటే ఒంటికి మంచిదనీ డాక్టర్లు చెప్తున్నారు. మంచి మాటే, కాదన్నవాళ్లెవరు? కాకపోతే మంచి మాట ఒకసారి ప్రభుత్వ ఉత్తర్వు అయ్యాక కన్నతల్లి కూడా దాన్ని గుర్తుపట్టలేదు.

జఠరదీప్తి అనే కంపెనీవాళ్లు వచ్చి తలా ఒక తెల్ల డబ్బా ఇచ్చి వెళ్లారు. మూత మీద పేరు, హోదా అచ్చువేసి ఉన్నాయి. అందులో ఏం నింపాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

పట్నాయక్ గారు డబ్బాని వేలితో కాస్త దూరం జరిపి నన్నడిగారు.

"ఇది నేనే స్వయంగా చెయ్యాలాండీ?"

"ఉత్తర్వుల్లో అలాగే ఉంది సార్."

పాపం, సర్వీసులో చేరాక ఆయన స్వయంగా చేసిన పనంటూ ఏదీ లేదు. పెన్ను తీసి, అలవాటు ప్రకారం మూత మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి రామలింగస్వామి గారి వైపు తోశారు. రామలింగస్వామి గారు తన డబ్బా కూడా జోడించి కామేశం గారికి పంపారు. సాయంత్రానికి పదకొండు డబ్బాలు పెరటి గట్టు మీద దాలయ్య ముందు బారుగా కూర్చున్నాయి.

"ఇన్ని డబ్బాలేటమ్మా?" అని నన్నడిగాడు.

"ఆఫీసు పని దాలయ్యా."

"ఆపీసు పనైతే తప్పుద్దేటి" అని చెంబు పట్టుకుని లేచాడు. పాడు వంకలు పెట్టే మనిషి కాదు. రెండు మూడు రోజుల్లో పని పూర్తిచేసి, డబ్బాలు తుడిచి, ఎవరివి వాళ్ల బల్లల మీద పెట్టాడు. నేను కాస్త ఆలస్యంగా నా డబ్బా పట్టుకెళ్తే దణ్ణం పెట్టేశాడు.

"ఇంక నా వొల్ల కాదు తల్లీ. మీది మీరే సూసుకోండి."

అంచేత ఆఫీసు మొత్తం మీద సొంత నమూనా ఇచ్చుకోవలసిన దురదృష్టం నా ఒక్కదానికే పట్టింది. దాలయ్య పేరుతో మాత్రం డబ్బా రాలేదు. అతను టెంపరరీ. పర్మినెంటు చెయ్యాలన్న ఫైలు ఏళ్ల తరబడి నడుస్తోంది. అది తేలేదాకా అతనికి పొట్ట ఉన్నట్టు ప్రభుత్వం ఒప్పుకోదు.

నెల తిరక్కుండా జఠరదీప్తి నుంచి డాక్టర్ ఋత్విక్ అనే కుర్ర నిపుణుడు ప్రొజెక్టర్‌తో దిగాడు. మీటింగ్ హాల్లో తెర మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు వేసి, పరవశంగా మొదలెట్టాడు.

"సార్, నా కెరీర్‌లో ఇలాంటి గట్ చూళ్లేదు. మహానగరాల్లో మనుషుల పొట్టలు ఎండిపోయిన చెరువుల్లా ఉంటున్నాయి. మీది అలాక్కాదు, దట్టమైన అడవి సార్! అంతకన్నా అద్భుతం ఇంకోటుంది. మీ పదకొండు మంది పొట్టలూ అచ్చు గుద్దినట్టు ఒక్కటే. సైన్సులో ఇంతవరకూ జరగలేదు."

పట్నాయక్ గారు ముందుగా తేరుకున్నారు.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. టీమ్ స్పిరిట్."

అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ దాలయ్య కూడా ట్రే కింద పెట్టి కొట్టాడు.

"ఒక్క శాంపిల్ మాత్రం తేడాగా వచ్చింది సార్" అని ఋత్విక్ బాధగా నా వైపు చూశాడు. మర్నాడు నాకు మెమో వచ్చింది: "మీ ఉదరము కార్యాలయ సాధారణ ధోరణికి విరుద్ధముగా నున్నట్లు శాస్త్రీయముగా రుజువైనందున, మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసికొనరాదో మూడు దినములలో తెలుపవలెను." టీ తగ్గిస్తానని సంజాయిషీ రాసిచ్చాను.

తరవాత పదకొండు మందికీ పదకొండు రంగుల అట్టల్లో వ్యక్తిగత ఆహార ప్రణాళికలు వచ్చాయి. లోపల ఉన్నది మాత్రం ఒకటే. పొద్దున్న తరవాణి అన్నం, పచ్చి ఉల్లిపాయ. మధ్యాహ్నం దంపుడు బియ్యం, ఎండు నెత్తళ్లు. సాయంత్రం చోడి అంబలి, అంటే రాగి జావ. కంప్యూటరు రాత్రింబవళ్లు ఆలోచించి, దాలయ్య భార్య గున్నమ్మ రోజూ వండేదాన్నే కనిపెట్టింది.

కామేశం గారి ఇంట్లో ఉల్లిపాయ కూడా గడప దాటి రాదు. ఆయన అట్ట మూసి నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"ఏమమ్మా, నా పొట్టలో కూర్చుని ఎండుచేపలడుగుతున్నవాళ్లెవరమ్మా?"

"మీ నమూనాలో ఉన్నవాళ్లేనండి."

ఆయనది కుడితిలో పడ్డ ఎలక పరిస్థితి. అవి నావి కావు అంటే నమూనా ఎవరిదని అడుగుతారు. నావే అంటే నెత్తళ్లు తినాలి.

కేంటీన్‌లో ఉప్మా ఆగిపోయింది. తరవాణంటే తెలుసుగా, గంజి నీళ్లని రోజుల తరబడి కుండలో పులియబెట్టిన కళ. గున్నమ్మ కుండలో పులిసిందైతే అమృతమే. మా కేంటీనువాళ్లు మాత్రం ట్యాంకు నీళ్లు పోసి నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో పులియబెట్టారు. వారం తిరిగేసరికి జిల్లా అధికారి జీపు ప్రతి తుప్ప దగ్గరా ఆగడం మొదలెట్టింది. రామలింగస్వామి గారు ఆఫీసుకొచ్చినా కుర్చీలో కనపడేవారు కాదు. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. ఈలోగా రాష్ట్రం మొత్తం మీద "ఆదర్శ ఉదర కార్యాలయం" మాదేనని ప్రకటించి, డైరెక్టర్ గారు స్వయంగా సహపంక్తి భోజనానికి వస్తున్నారని ఫోన్ చేశారు.

డైరెక్టర్ మేడమ్ వచ్చారు. చేతిగుడ్డతో కళ్లద్దాలు తుడుచుకుంటూ పట్నాయక్ గారి పక్కన కూర్చున్నారు. పట్నాయక్ గారు మొదటి ముద్ద తరవాణి అన్నం నోట్లో పెట్టుకున్నారు. రెండో ముద్దకి కళ్లు తిరిగాయి. మూడో ముద్ద వచ్చిన దారినే తిరిగొచ్చి డైరెక్టర్ గారి ఫైలు మీద పడింది. ఇక దాచడానికేం లేదు. పట్నాయక్ గారు లేచి నిలబడి, అంత అవస్థలోనూ భాష తప్పకుండా విన్నవించుకున్నారు.

"సదరు నమూనా సమర్పణ బాధ్యతను పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా క్రింది స్థాయికి బదలాయించడమైనది మేడమ్."

అయిపోయింది, అందరికీ సస్పెన్షన్ అనుకున్నాం. డైరెక్టర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని ప్రశాంతంగా నవ్వారు.

"మరి మీరంతా స్వయంగా ఇచ్చుకున్నారేమో అని భయపడ్డాను. నాది మా వంటమనిషి ఇచ్చింది. అధికారాల బదలాయింపు తప్పు కాదు పట్నాయక్ గారూ, అది పరిపాలనకి ప్రాణం. బదలాయించిన చోట ఆస్తికి రక్షణ ఉందా లేదా, అదీ నా ప్రశ్న."

ఆ ప్రశ్న లోంచే కొత్త ఉత్తర్వులు పుట్టాయి. పదకొండు మంది అధికారుల పేరన నమోదైన సూక్ష్మజీవులు ప్రస్తుతం దాలయ్య అనే తాత్కాలిక ఉద్యోగి పొట్టలో నిల్వ ఉన్నాయి కాబట్టి, ఆ పొట్టని "కార్యాలయపు ఉమ్మడి ఉదరం"గా ప్రకటించారు. దాలయ్య బయటి తిండి తినకూడదు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లకూడదు. పొట్ట మీద సీలు వెయ్యాలా అని కూడా చర్చ జరిగింది. చెమటకి లక్క నిలవదని కామేశం గారు అనుభవం మీద చెప్పడంతో విరమించుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో ఉంది. ఎవరి సూక్ష్మజీవులు ఎక్కడుంటే వాళ్ల తిండి అక్కడికే వెళ్లాలి. అంటే పదకొండు మంది ప్రణాళికలూ ఇకనుంచి దాలయ్యే తినాలి.

అధికారులకి ఉప్మా తిరిగొచ్చింది. దాలయ్య ముందు పదకొండు కంచాలు పెట్టారు.

మొదటి రోజు అతని సంబరం చూడాలి. "కడుపు నిండా తిండెట్టి పైన జీతమిత్తన్నారు, ఇదేటి ఉజ్జోగమమ్మా! పర్మెంటు ఫైలు కూడా కదిలిపోద్దేమో" అన్నాడు. రెండో రోజు నిదానంగా తిన్నాడు. ఆ తరవాత ప్రతి కంచానికీ ముందు అది ఏ దొరదో అడిగి, దణ్ణం పెట్టుకుని మింగేవాడు. "పట్నాయక్ బావుది అయిపోనాది. ఇంక రామలింగసామి బావుది" అంటూ గోడకి చేరగిలబడి ఆయాసపడేవాడు. వద్దనొచ్చు కదా అంటే, "ఫైలు మీదుంది గదమ్మా" అనేవాడు. ఆ నీలం డ్రమ్ములోని తరవాణి పదకొండు వాటాలు తాగిన మనిషికి ఏమవ్వాలో అదే అయింది. జ్వరం తగిలింది.

ప్రభుత్వాసుపత్రి డాక్టర్ చూసి టైఫాయిడ్ అన్నాడు. పేగు పుండు పడకముందే యాంటీబయాటిక్ మొదలెట్టాలనీ, ఆలస్యమైతే మనిషి దక్కడనీ చీటీ రాశాడు. ఆ చీటీ మా ఆఫీసుకొచ్చింది. ఆ పొట్ట మాది కదా మరి.

పట్నాయక్ గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది.

"ఈ యాంటీబయాటిక్ మంచీ చెడూ చూడదండీ" అన్నారు రామలింగస్వామి గారు. "కనపడ్డవాటినల్లా చంపేస్తుంది. వాటిలో ఇద్దరు గెజిటెడ్ అధికారులవి ఉన్నాయి."

"చిరిగిన గోనెసంచి పారెయ్యాలన్నా ముందు పనికిరాదని ధ్రువీకరించాలి. తరవాత వేలం వెయ్యాలి. వేలం లేకుండా కోట్ల సంఖ్యలో ఆస్తిని నాశనం చేశామంటే ఆడిట్‌వాళ్లు మన పీక మీద కూర్చోరూ?" అన్నారు కామేశం గారు.

"వేలంలో ఎవరు కొంటారు?" అని పట్నాయక్ గారు నిజంగానే ఆలోచించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మనిషి పోతాడు సార్" అన్నాను.

"పోతే ఆస్తి కూడా పోతుందండీ, ఆ స్పృహ మాకూ ఉంది. అందుకే జాగ్రత్తగా చర్చిస్తున్నాం" అన్నారాయన నొచ్చుకుని.

ఆఖరికి ఒక దారి దొరికింది. తమ సూక్ష్మజీవుల్ని చంపడానికి అభ్యంతరం లేదని సొంతదారులు పదకొండు మందీ సంతకాలు చెయ్యాలి. కాగితం తయారుచేసి నేనే తిప్పాను. సంతకం పెడితే తన పొట్ట అటెండర్ దగ్గర ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. పదవీ విరమణ దగ్గరపడ్డ ఒకాయన పింఛను గురించి భయపడ్డాడు. ఇంకొకాయన ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. కాగితం ఖాళీగా వెళ్లి ఖాళీగానే తిరిగొచ్చింది. పట్నాయక్ గారు దాని మీద "పరిశీలనలో ఉంచుడు" అని రాశారు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. దాలయ్య మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి. గున్నమ్మ తడిగుడ్డ నుదుటి మీద వేస్తోంది. డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచాడు.

"మందు ఇక్కడే ఉందండీ. మీ ఆఫీసువాళ్లు నాకు నోటీసు పంపారు, అనుమతి లేకుండా వాడితే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద కేసు పెడతామని. ఆయనేమో నేను వేద్దామన్నా నోరు తెరవట్లేదు."

లోపలికొచ్చి దాలయ్యని బతిమాలాను. కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఉత్తరుల్లేకండా ఎలగేసుకుంటానమ్మా? దొరల సొత్తు గదా. ఆటికేటైనా అయితే నా పర్మెంటు పోద్ది."

గున్నమ్మ తడిగుడ్డ గిన్నెలో పడేసి లేచింది. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"నాకు సదువు నేదు. కూసింత అర్తమయ్యీలాగ సెప్పు తల్లీ. ఆ మందెందుకు ఎయ్యొద్దంటన్నారు?"

"దాలయ్య పొట్టలో ఆఫీసర్ల సూక్ష్మజీవులున్నాయి గున్నమ్మా. మందేస్తే అవి చచ్చిపోతాయి. వాళ్ల ఆస్తి కదా, ఒప్పుకోవడం లేదు."

"మా ఆయన పొట్టలోకి ఆలవి ఎలగొచ్చినాయి?"

ఆ ప్రశ్నకి జవాబు ప్రభుత్వం దగ్గరే లేదు, నా దగ్గరెక్కడిది? ఆమె కొంగు నడుముకి బిగించింది.

"పోనీ, ఆల సొత్తు ఆలకిచ్చీసినామనుకో. అప్పుడేటంతారు?"

నేను నిబంధనలన్నీ మనసులో తిరగేశాను. "ఇచ్చేస్తే ఇంక అనడానికేం లేదు" అన్నాను.

మర్నాడు పట్నాయక్ గారి గదిలో పదకొండు మందీ కూర్చుని, సూక్ష్మజీవులు పనికిరానివని ధ్రువీకరించేందుకు ఉపసంఘం వెయ్యాలా, నిపుణుల సంఘం వెయ్యాలా అని చర్చిస్తున్నారు. మినిట్స్ రాస్తూ నేను కూడా ఉన్నాను. తలుపు తోసుకుని గున్నమ్మ లోపలికొచ్చింది. చంకలో ఓ మట్టికుండ, మూతికి అరిటాకు వేసి తాడుతో బిగించి ఉంది. సరాసరి వచ్చి జిల్లా అధికారి బల్ల మీద, గాజు పలక మీద దాన్ని దించింది. తాడు విప్పి ఆకు తీసేసింది.

గదిలో ఉన్నవాళ్లందరి చేతులూ ఒక్కసారే ముక్కుల మీదకి వెళ్లాయి.

"ఏమిటిది!" అని పట్నాయక్ గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"మీదే బావూ. రేత్రి నుంచి మా ఆయన ఎన్నిసార్లు లేసినాడో అన్నిసార్లూ పట్టి ఉంచినాను. సుక్క కింద పడనీనేదు. ఇందులో మీ అందరియీ ఉన్నాయి. ఎవులివి ఆలు ఏరుకోండి." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "మీ సొత్తు మీకొచ్చీసింది. మా మనిసిని మాకొదిలీయండి."

"ముందు... ముందు దాన్ని తియ్యి!"

"కాయితం రాసిచ్చీవరకూ నాను ఇక్కణ్ణుంచి కదల్ను. కుండా కదల్దు."

నా చేతిలో పెన్ను ఎలాగూ ఉంది. "ఆస్తి సొంతదారులకు వాపసు చేయబడినది. రోగికి వైద్యము చేయుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరము లేదు" అని రాసి పట్నాయక్ గారి ముందు పెట్టాను. ఆయన ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో సంతకం గీశారు. చదవలేదు, కిందికి తొయ్యలేదు. ఆ ఆఫీసులో అంత వేగంగా కదిలిన కాగితం నేను ఇంకోటి చూళ్లేదు.

గున్నమ్మ కాగితం తడి ఆరేదాకా ఊది, మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె ఆసుపత్రి వైపు పరిగెత్తడం కిటికీలోంచి కనపడింది.

కుండ మాత్రం బల్ల మీదే ఉంది.

పట్నాయక్ గారు రామలింగస్వామి గారి వైపు చూశారు. "తగు చర్య తీసుకోండి" అన్నారు. రామలింగస్వామి గారు కామేశం గారి వైపు తిరిగి "కాస్త చూడండి" అన్నారు. కామేశం గారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వైపు చూశారు.

"ఇందులో నావి లేవు సార్" అన్నాను.

ఆయన జూనియర్ల వైపు చూశారు. జూనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆఖరికి అలవాటు ప్రకారం గుమ్మం వైపు చూశారు. గుమ్మం దగ్గర స్టూలు ఖాళీగా ఉంది.

పట్నాయక్ గారు బెల్ కొట్టారు. కాసేపాగి మళ్లీ కొట్టారు. తరవాత బెల్ మీద వేలు తియ్యకుండా నొక్కి పట్టుకున్నారు. ఆ బెల్‌కి పరిగెత్తుకొచ్చే మనిషికి అప్పుడు ఆసుపత్రిలో మొదటి సూది పొడుస్తున్నారు.